పచ్చగాజుల బయలు

ఉదయం ఆరు గంటల ముప్పై ఆరు నిమిషాలకు భోగేశ్వరి పాదాలను పట్టీల్లోకి దూర్చి, నడుముకు తాడు బిగించుకుని, కెమెరా బల్ల ముందు నిలబడింది. నిలబడడం అన్నది అక్కడ వాడుక మాట మాత్రమే. కక్ష్యలో నిలబడడానికీ పడుకోవడానికీ తేడా ఆ పట్టీలదే. హిమాలయాల మంచు దాటి నాలుగు నిమిషాలు కాలేదు, అప్పుడే కింద గోదావరి వెనకబడిపోతోంది.

"తుంగభద్ర వస్తోందండీ," అంది.

"కానీయమ్మా. నీ గుండ్రాలు నువ్వు తీసుకో," అన్నారు వెనక నుంచి రత్నం గారు. ఆయన ఆ కక్ష్యాగారానికి పెద్ద. గుంటూరు దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. ఉద్యోగ జీవితంలో సగం ఆకాశంలోనే గడిపారు.

ఆ కక్ష్యాగారం పేరు గవాక్షం. దాన్ని పొద్దుపొడుపు గీత మీదే తిరిగేలా కట్టారు. దక్షిణానికి దిగేటప్పుడు కింద ఎప్పుడూ ఉదయమే, అటువైపు ఎక్కేటప్పుడు ఎప్పుడూ సాయంత్రమే. రోజూ ఆరు నలభైకి అది దక్కను మీదుగా వెళ్తుంది. ఆ నాలుగు నిమిషాల్లో పెద్ద కెమెరాకు ఏది కనిపిస్తే అది ఆ క్షణంలోనే దేశంలోని గోడలన్నిటి మీదికీ వస్తుంది. దాన్ని వేకువచిత్రం అంటారు. ఇళ్లలో కాఫీ ఆ వేళకే కాస్తారు. బళ్లలో ప్రార్థన అది అయ్యాకే మొదలవుతుంది. రక్తపోటు ఉన్నవాళ్లకు డాక్టర్లు మాత్రలతో పాటు వేకువచిత్రాన్నీ రాసిస్తారు.

ఇదంతా మొదలై పంతొమ్మిదేళ్లయింది. అంతకుముందు జనం జలపాతాలనూ లోయలనూ చూడడానికి బస్సులు కట్టుకుని వెళ్లేవారు. చూసి ఊరుకోక తొక్కారు, చెక్కారు, సీసాలు పారేశారు. చివరికి అడుగుకట్టు చట్టం వచ్చింది. వింతల పట్టికలోకి ఎక్కిన చోట మనిషి కాలు పెట్టకూడదు. అందుకు బదులుగా ప్రతి ఇంటికీ ఒక గోడపలక ఇచ్చారు. కాళ్లతో వెళ్లి చూడలేనిదాన్ని కక్ష్యలోంచి కళ్లారా చూడమన్నారు. మొదట్లో జనం గొణిగారు. కానీ ఎండిపోయిన జలపాతాలు మళ్లీ దూకాయి. తీరాల్లో తాబేళ్లు మళ్లీ గుడ్లు పెట్టాయి. తరవాత ఎవరూ గొణగలేదు.

ఏది వింతో, ఏది కాదో చెప్పే పని ఎన్నరిది. అది కెమెరాకూ గోడకూ నడుమ ఉండే యంత్రం. ఏది అందమైనదో, ఏది అరుదైనదో, ఏది మనిషి చెయ్యి పడకుండా ఏర్పడిందో తూచి మార్కులు వేస్తుంది. దానికి ఇంకో పని కూడా ఉంది, మచ్చతుడుపు. చిత్రంలో మనిషో పశువో బండో పడితే దాన్ని మచ్చగా లెక్కగట్టి, చుట్టూ ఉన్న నేల రంగుతో కప్పేస్తుంది. రెప్పపాటులో జరిగిపోయే పని అది. భోగేశ్వరి బల్ల మీద చూసేది కూడా తుడిచిన చిత్రమే. తుడవని చిత్రాన్ని ఎక్కడా భద్రపరచరు.

ఆమె రెండో కెమెరాను తుంగభద్రకు దిగువన, గుంతకల్లుకు పడమరగా ఉన్న ఒక ఎర్రటి బయలు మీదికి తిప్పింది. పదిహేడు రోజులుగా అక్కడికే తిప్పుతోంది. వానలు పడ్డాక ఆ బయలు మీద ముదురు పచ్చ వలయాలు తేలాయి. ఒక్కొక్కటీ యాభై అడుగుల వెడల్పు. నడుమ ఎర్రనేల, చుట్టూ పచ్చటి అంచు. వందల సంఖ్యలో ఉన్నాయి. కొన్ని విడిగా, కొన్ని ఒకదాని మీద ఒకటి పడి. పెళ్లివారింట్లో ఎవరో గాజుల పెట్టె ఒలకబోసినట్టు ఉంది. అక్కడికి నలభై మైళ్ల దూరంలోనే భోగేశ్వరి పుట్టింది, వేరుశెనగ చేల నడుమ ఉన్న ఒక పల్లెలో. ఇలాంటిది తన దేశంలో ఉందని ఆమెకు ఎన్నడూ తెలియదు.

"తొంభై నాలుగు వేసిందండీ," అంది ఎన్నరి పలక చూసి.

రత్నం గారు గాల్లో ఈదుకుంటూ వచ్చి చూశారు. "భలే! కారణం ఏందంట?"

"నేలలో బూజు గానీ, చెదలు గానీ కావచ్చంటోంది. దున్నిన నేల కాదు, రికార్డుల్లో బీడు. మనిషి ప్రమేయం కనబడలేదని రాసింది."

"అయితే నేలవాకబు ఒక్కటే తక్కువ. పక్కూరి వాళ్లను అడుగు. పట్టికలో నీ పేరుతో మొదటి వింత అవుతుందమ్మాయ్."

నాలుగేళ్ల ఉద్యోగంలో ఆమె ఇతరులు కనిపెట్టిన వింతలకే కాపలా కాసింది. ఆ మాట వినగానే ముఖం వేడెక్కింది. కక్ష్యలో రక్తం ఎప్పుడూ ముఖానికే ఎక్కుతుంది కనుక రత్నం గారు గమనించలేదు.

ఆ బయలుకు దగ్గర ఊరు బూదిగుట్ట పల్లె. పన్నెండు కురుబ ఇళ్లు. మధ్యాహ్నం ఆమె అక్కడి బడి గోడకు కబురు పెట్టింది. గోడ వెలిగేసరికి ఎదురుగా ఒక పొడవాటి పెద్ద వయసు ఆడమనిషి, ఆమె పక్కన తలపాగా చుట్టుకున్న ముసలాయన, వెనక ఇంకో అయిదారుగురు నిలబడి ఉన్నారు. ఆడమనిషి పేరు సిద్ధక్క, ముసలాయన ఆమె మరిది ఎర్రప్ప. వాళ్ల వెనక గోడకు వెదురు తడికలు ఆనించి ఉన్నాయి.

"నమస్తే పెద్దమ్మా. నేను గవాక్షం నుంచి మాట్లాడుతున్నా," అంది భోగేశ్వరి.

"అంటే యాడుండావు పాపా?"

"మీ నెత్తిన. అయిదొందల అరవై కిలోమీటర్ల ఎత్తులో."

సిద్ధక్క బడి కప్పు వైపు చూసింది. "కిందపడవు గదా?"

"పడతానే ఉన్నా పెద్దమ్మా. పడేటప్పుడంతా నేల తప్పిపోతాంది. అందుకే తిరుగుతాండేది." మాట తనకు తెలియకుండానే ఊరి యాసలోకి జారింది.

"మా మరిది తాగొచ్చినప్పుడు మంచం తప్పిపోతాదే, అట్లన్న మాట," అంది సిద్ధక్క. వెనకవాళ్లు నవ్వారు.

"నా సంగతి యాల వదినా ఆకాశానికి గూడా చెప్తావు," అన్నాడు ఎర్రప్ప.

భోగేశ్వరి నవ్వు ఆపుకుని బయలు బొమ్మ చూపించి అడిగింది. "ఈ తావు మీకు తెలుసు కదా? మీరు ఇక్కడ ఏమన్నా సాగు చేస్తారా? గొర్రెలను తోలుకుపోతారా?"

నవ్వులు ఆగిపోయాయి. సిద్ధక్క ముఖం గోడలా అయింది.

"ఆ బయలా? మేం ఆ దిక్కు కాలు పెట్టం తల్లీ."

"మా తాత కాలం నుంచీ పెట్టలేదు," అన్నాడు ఎర్రప్ప.

"మీకు గొర్రెలు ఎన్ని ఉన్నాయి?"

"గొర్లా? యాడివి గొర్లు?" అంది సిద్ధక్క. ఆమె మాట పూర్తికాకముందే తడికల వెనక నుంచి ఒక గొర్రె గట్టిగా అరిచింది.

"అది కుంటిది. మాది కాదు," అన్నాడు ఎర్రప్ప వెంటనే. "యాడినుంచో వచ్చి ఉండాది."

భోగేశ్వరికి నవ్వు వచ్చింది. సిద్ధక్క భుజం మీద నల్ల కంబళి ఉంది. కంబళికి గొర్రె వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. తడికల అడుగున ఎండిన పెంట ఉంది. అవన్నీ ఆమె చూసింది. చూడడమే ఆమె పని. అయినా 'మరి మీ మంద రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుంది?' అన్న ఒక్క ప్రశ్న అడగలేదు. వాళ్లు చెప్పిన జవాబు తనకు కావలసిన జవాబే కావడంతో దాన్ని కదిలించాలనిపించలేదు. 'మనిషి ప్రమేయం లేదు' అని రాసి, పేరు రాయవలసిన గడిలో 'పచ్చగాజుల బయలు' అని రాసింది.

వాకబు రాసి పంపిన పదకొండో రోజున ఆ బయలు పట్టికలోకి ఎక్కింది. వేకువచిత్రంలో దాన్ని నాలుగు నిమిషాలు చూపించారు. ఆ వారమంతా దేశంలో వేరే మాట లేదు. చీరల అంచుల మీదికి గాజులు వచ్చాయి. ముగ్గుల్లోకి వచ్చాయి. ఎవరో కూతురికి బయలు పేరు పెట్టుకున్నారట. బయలు చుట్టూ హద్దుకొయ్యలు పాతారు. గీత దాటి అడుగు పడితే కొయ్య మోగుతుంది, గంటలో కాపలావాళ్లు వస్తారు. భోగేశ్వరి వాళ్ల నాన్న గోడ ముందు పీట వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ "మా పాప తీసింది" అని చెబుతున్నాడని తమ్ముడు కబురు పంపాడు.

నెల తరవాత ఒక మధ్యాహ్నం గవాక్షంలో ఆమె పేరు మీద కబురు మోగింది. బూదిగుట్ట బడి గోడ. ఈసారి సిద్ధక్క ఒక్కతే ఉంది.

"నువ్వు పైనుండే పాపవే గదా?"

"అవును పెద్దమ్మా. బాగున్నారా?"

"యాడ బాగు? మా గొర్లు యాడ పండుకోవాల చెప్పు."

భోగేశ్వరికి ఒక్క క్షణం అర్థం కాలేదు. సిద్ధక్క చెప్పుకుపోయింది. పన్నెండిళ్ల మందలూ ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ బయల్లోనే కడతారట. పగలంతా మేపి, సాయంత్రం తడికలు గుండ్రంగా పాతి మందను లోపలికి తోలతారు. నడుమ గొర్రెపిల్లల గంపలు, కాపరి మంచం. చుట్టూ గొర్రెలు పడుకుంటాయి. మూడు రాత్రులయ్యాక తడికలు పీకి ఇంకో తావుకు మారుస్తారు. ఏ ఇంటిది ఏ పక్కో, ఎవరి తరవాత ఎవరో వాళ్ల ముత్తవ్వల నాటి వరస. గొర్రెలు పడుకున్న మేర పెంట, మూత్రం ఇంకుతుంది. మళ్లీ వానకు అక్కడ గడ్డి నల్లగా లేస్తుంది. ఆ గడ్డే వాళ్ల మేత.

"అంటే ఆ గాజులు..."

"గాజులూ లేవు, గీజులూ లేవు. మా గొర్లు పండుకున్న తావులు అయ్యి."

"మరి ఆ పొద్దు అడిగినప్పుడు యాల చెప్పలేదు పెద్దమ్మా?"

"ఎట్ల చెప్తాం? పలక చేతిలో పట్టుకోని వచ్చి 'బయల్లో మేపుతారా' అని అడిగినోడు ఎవడైనా మందను బందెలదొడ్డికి తోలేదానికే వచ్చినాడు. మా అత్త కాలంలో మూడు మాట్లు తోలిరి. అప్పటి నుంచీ పుట్టిన పిల్లకు గూడా నేర్పిచ్చినాం. బయలంటే తెలీదు, గొర్లంటే లేవు. నువ్వు అడిగితివి, నోటికి అదే వచ్చె." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "పట్టికలో ఎక్కించేటప్పుడు, ఈడ ఎవురన్నా బతుకుతాండారా, వాళ్లకు వేరే మేత భూమి ఇయ్యాలనా అని చూస్తారంట గదా. మమ్మల్ని చూస్తే సున్నా. మేమే చెప్పితిమి గదా సున్నా అని."

మందలను ఇప్పుడు ఊరి సందుల్లో కడుతున్నారు. వానకు సందులన్నీ బురద. గొర్రెలకు గిట్టల మధ్య పుండ్లు లేచాయి. మూడిళ్లవాళ్లు అప్పటికే మందలను సంతకు తోలేశారు. "ఇంగో నెల ఇట్లనే ఉంటే పన్నెండిండ్లకూ తడికలు పొయ్యిలోకే," అంది సిద్ధక్క.

కబురు ముగిశాక భోగేశ్వరి పట్టీలు విప్పుకుంది. తరవాత రత్నం గారికి అంతా చెప్పింది.

"వాకబు ఎవరు చేశారు?" అని అడిగారాయన.

"నేనేనండీ. తడికలు కూడా చూశాను."

ఆయన కోప్పడలేదు. "వాళ్ల మాట గొంతులతో సహా రికార్డయింది. ఇప్పుడు కాదంటే ఎన్నరి ఒప్పుకోదు. కంటికి కనబడే రుజువు కావాలి. పాత చిత్రాల్లో మందలు పడే ఉంటాయి, ఆరు నలభైకి ఇంకా బయల్లోనే ఉండేవి కదా. కానీ మచ్చతుడుపు రోజూ తుడిచేసింది. మనమూ తుడిచిందే చూశాం, ఎన్నరీ తుడిచిందే చూసి 'మనుషుల్లేరు' అంది. ఇది మరీ ఘోరంగా ఉందమ్మాయ్."

"ఇప్పుడు మందలు బయల్లో లేవు. మళ్లీ లోపలికి వస్తేనే రుజువు. వస్తే కొయ్యలు మోగుతాయి."

"మోగితే గంటలో కాపలావాళ్లొస్తారు. నాలుగు నిమిషాలకు గంట అక్కర్లేదు," అన్నారు రత్నం గారు. వెంటనే చెయ్యి పైకెత్తారు. "అయినా తుడుపు ఉన్నంతసేపూ వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. అది ఆపే మీట ఎక్కడుందో నీకు తెలుసు. ఆర్డరు లేకుండా ఆపితే ఏమవుతుందో కూడా తెలుసు. ఏం చేయబోతున్నావో నాకు చెప్పొద్దు. చెప్తే నేను ఆపాలి."

ఆమె మర్నాడు సిద్ధక్కతో మాట్లాడింది. తోలుకొస్తే మందలు పట్టుబడవచ్చని దాచకుండా చెప్పింది.

"సంతకు తోలినా పోయేటియే గదా," అంది సిద్ధక్క. "బుధవారం పొద్దు పొడవకముందే వస్తాం. నువ్వు పటం తియ్యి."

"ఏ గొర్లు?" అన్నాడు ఎర్రప్ప వెనక నుంచి. "మాకు గొర్లే లేవు గదా." ఈసారి మాత్రం అతను ఒక్కడే నవ్వాడు.

బుధవారం వేకువచిత్రానికి ఎన్నరి ఎంచినది పచ్చగాజుల బయలే. వారానికి మూడు రోజులు జనం దాన్నే కోరుతున్నారు. ఆరు ముప్పై ఎనిమిదికి రత్నం గారు కాఫీ సంచి పట్టుకుని అవతలి గదిలోకి ఈదుకుంటూ వెళ్లిపోయారు. ఆరు నలభైకి భోగేశ్వరి మచ్చతుడుపును ఆపే మీట నొక్కింది.

మొదట ఏ తేడా కనబడలేదు. తరవాత కెమెరా నిలకడకు వచ్చింది. ముదురు పచ్చ వలయాల పక్కన, బయలు దక్షిణపు అంచున, తొమ్మిది తెల్లటి వలయాలు. వాటి అంచులు కదులుతున్నాయి. మధ్యలో ఒక్కొక్క నల్లచుక్క, కంబళి కప్పుకున్న మనిషి. సందులు మిగిలిన చోట మూడు ఖాళీ తడికల దొడ్లు, వాటి నడుమ కూడా ఒక్కొక్క మనిషి. మందలు అమ్ముకున్న ఇళ్లవాళ్లు ఉత్త తడికలతోనే వచ్చి నిలబడ్డారు. తెల్ల వలయాలూ పచ్చ వలయాలూ ఒకే కొలత. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు.

నాలుగు నిమిషాల్లో గవాక్షానికి లక్షకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. గోడ పాడైందని, బయలు మీద పురుగులు పాకుతున్నాయని. అయిదో నిమిషానికి ఫిర్యాదులు ఆగిపోయాయి. గంటకు వచ్చిన కాపలావాళ్లు, దేశమంతా చూసిన ఆ మందలను పట్టుకోలేకపోయారు. సాయంత్రానికి దేశమంతా ఒకటే అడుగుతోంది, ఆ మనుషులెవరని.

భోగేశ్వరికి కిందికి దిగమని ఆర్డరు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అదే రోజున బయలు మీద తీర్పు కూడా వచ్చింది. ఎన్నరి తన లెక్క తానే సరిచేసుకుని, తొంభై నాలుగును తొంభై తొమ్మిది చేసింది. మందలూ కాపరులూ ఆ వింతలో విడదీయరాని భాగాలని, వాటిని ఉన్నవి ఉన్నట్టుగా కాపాడాలని రాసింది. అమ్ముకున్న మూడు మందలకు బదులు మందలు ఇచ్చారు. ఊరివైపు హద్దుకొయ్యలు పీకేశారు.

"గెలిచితిమి పాపా!" అంది సిద్ధక్క గోడలోంచి. "నువ్వు దిగినాక మా ఇంటికి రా. పొట్టేలు కోస్తాం."

రత్నం గారు దిగే రోజున ఆమె సంచి తానే మోసి పెట్టారు. "కింద నడక మర్చిపోయుంటావు. మెల్లగా నడువమ్మాయ్," అన్నారు.

ఆమెకు నడక రావడానికి మూడు నెలలు పట్టింది. తరవాత మండలంలో బడి గోడలు బాగుచేసే పని దొరికింది. బూదిగుట్టకు వెళ్లాలని అనుకుంటూనే ఏడాది గడిచింది. మళ్లీ వానలు పడి బయలు పచ్చబడిన రోజుల్లో, ఒక సాయంత్రం ఆ ఊళ్లోకి నడుచుకుంటూ వెళ్లింది.

గోడలో చూసిన ముఖాన్ని సిద్ధక్క వెంటనే గుర్తుపట్టి, దూరం నుంచే చెయ్యి ఊపింది. కానీ దగ్గరికి వచ్చాక ఆమె ముఖంలో సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

"మంచి దినమే వచ్చినావు. పొట్టేలు మాత్రం కొయ్యలేను తల్లీ. లెక్క తగ్గుతాది."

"ఏం లెక్క?"

"పొద్దున పైనుంచి లెక్కేస్తాది గదా మీ మిషను. గొర్లు ఇన్ని, తడికలు ఇన్ని, మనుషులు పన్నెండు. ఒకటి తగ్గితే వింతకు నష్టమంట. ఆఫీసు నుంచి మనిషొస్తాడు. బందెలదొడ్డి మాట ఎత్తడు, మర్యాదగా మాట్లాడతాడు, టీ గూడా తాగుతాడు. కానీ లెక్క నిండేదాకా కదలడు." ఆమె బయలు వైపు చెయ్యి చూపింది. "ఎర్రప్ప కంటికి ఆపరేషను చేయించుకోవాల. అర్జీ పెట్టి నాలుగు నెలలాయ. నా కూతురు గుంతకల్లులో ఉండాది. తొలి కాన్పు. నొప్పులు మొదలైనాయని ఇప్పుడే చెప్పిరి. నేను పోకూడదంట. వింతలు ఊరికి పోవంట."

"మీ ఇంట్లో ఇంకెవరన్నా నిలబడితే?"

"మా ఎర్రప్ప కోడలిని పోయిన నెల నిలబెట్టితిమి, నా కంబళి కప్పి. గంటలో వచ్చి పట్టుకున్యారు. ఎట్ల కనిపెట్టిందో ఏమో, పైనుంచి అన్నీ నల్లచుక్కలే గదా."

ఎర్రప్ప కోడలు ఎదుటి ఇంటి ముందు పేడ ఎత్తుతూ ఉంది. సిద్ధక్క భుజానికి కూడా రాదు. భోగేశ్వరికి వెంటనే అర్థమైంది.

"నీడ, పెద్దమ్మా. ఆ వేళకు ఎండ ఏటవాలుగా పడుతుంది. మనిషి పైనుంచి చుక్కే, కానీ నీడ మూడు నిలువులు ఉంటుంది. ఎన్నరి నీడను కొలిచి మనిషిని పడుతుంది."

సిద్ధక్క ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. తరవాత ఆమె జబ్బ పట్టుకుని బయలులోకి తీసుకుపోయి, పొద్దుకు వీపు పెట్టి తన పక్కన నిలబెట్టింది. రెండు నీడలు ఎర్రనేల మీద పొడుగ్గా పడ్డాయి. భోగేశ్వరిది ఒక జానెడు తక్కువ. సిద్ధక్క కంబళిని మడిచి ఆమె తల మీద చుట్టలా పెట్టింది. ఒక మడత తీసింది. మళ్లీ చూసింది. సరిపోయింది.

"పట్టుబడితే?" అంది సిద్ధక్క.

"నా ఆకాశం ఉద్యోగం ఎప్పుడో పోయింది. ఇంకేం పోతుంది? బస్సుకు టైమవుతోంది, నువ్వు పో."

మర్నాడు పొద్దున భోగేశ్వరి తడికల నడుమ, గొర్రెపిల్లల గంపల పక్కన, తల మీది చుట్ట పైనుంచి ఇంకో కంబళి కప్పుకుని నిలబడింది. పైనుంచి ఎన్నో వందల సార్లు చూసిన చోటు అది. లోపల నిలబడితే వలయం ఏమీ కనబడలేదు. చుట్టూ గొర్రెల వీపులు, తడి పెంట, వెచ్చటి వాసన. ఒక పిల్ల ఆమె చీర కుచ్చిళ్లు నములుతూ ఉంది.

పక్క దొడ్డిలోంచి ఎర్రప్ప గొంతు వినిపించింది. "ఏయ్ పాపా! నెత్తి పైకెత్తొద్దు. మా వదిన ఒక్కనాడు గూడా మీ ఆకాశం దిక్కు చూడలేదు."

"ఎత్తనులే చిన్నాయనా."

"ఎప్పుడొస్తాదో తెలుస్తాదా నీకు?"

ఆమె తన నీడ చివర ఉన్న ఒక చిన్న రాయి వైపే చూస్తూ, లోపల లెక్కపెట్టుకుంది. హిమాలయాలు. గోదావరి. కృష్ణ. తుంగభద్ర. "ఇప్పుడు," అంది.

పన్నెండు మందీ కదలకుండా నిలబడ్డారు. గొర్రెలు మాత్రం తమ పాటికి తాము మసిలాయి. కక్ష్యలో ఆ నాలుగు నిమిషాలూ చాలేవి కావు. కింద అవి ఎంతకీ తరగలేదు. మెడ నొప్పి పుట్టింది. ఈగ ముక్కు మీద వాలింది. తోలుకోలేదు.

"అయిపోయింది," అంది చివరికి.

"మా వదిన ఎన్నాళ్లకు వస్తాదంట?"

"పురుడు పోసి వస్తానంది."

"అంటే పదకొండు దినాలు. అన్నాళ్లూ నువ్వే మా వదినవి," అన్నాడు ఎర్రప్ప తడిక పీకుతూ. "ఈ తావుకు మూడు రాత్రులాయ. రా, మంద మార్చాల. మొదట తూర్పు తడిక పీకు. అట్ల కాదు, మొదలు కాడ పట్టుకోవాల."

ఆమె మొదలు దగ్గర పట్టుకుని పీకింది. ఆ ఉదయం దేశంలోని గోడలన్నిటి మీదా పచ్చగాజుల బయలు ఏ లోపమూ లేకుండా కనిపించింది. గుంతకల్లు ఆసుపత్రిలో ఒక గోడ మీద కూడా అది వస్తూ ఉంది. దాని కింద బెంచీ మీద సిద్ధక్క, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, గోడకు వీపు పెట్టి కూర్చుని ఉంది.